మగ్గం మీద ఫోటో

మా వీధిలో ఎవరికి ఏ ఫారం నింపాలన్నా నా దగ్గరికే వస్తారు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే వీధి మాది. నేను డిగ్రీ చదివి, పెళ్లయి, మూడేళ్లకే భర్త పోయి, తిరిగి పుట్టింటికి వచ్చి పట్టు దారం కండెలకు చుట్టుకుంటున్న దాన్ని. రాట్నం తిప్పే ఈ చేత్తోనే పింఛను ఫారాలు, బడి ఫారాలు, రేషను ఫారాలు నింపుతాను. ఏ గడిలో ఏం రాయాలో, ఎక్కడ సంతకమో, ఎక్కడ వేలిముద్రో, ఏ జిరాక్సు ముందు పెట్టాలో నాకు తెలిసినట్టు మా వార్డులో ఇంకొకరికి తెలియదని నాకు బాగా పొగరుండేది. ఆ పొగరే మా తమ్ముణ్ని పట్టించింది. ఈ ముక్క చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా బయట బైకు ఆగిన చప్పుడైతే పెన్ను పక్కన పెట్టి చెవులు రిక్కించి వింటున్నాను.

ముందు మగ్గాల లెక్క గురించి చెప్పాలి. ఏటా ఒకసారి ఆఫీసు నుంచి మనుషులు వస్తారు. ఇంట్లో మగ్గం ఉందా, ఉంటే ఆడుతోందా, దాని మీద నేసేవాడు నిజంగా ఈ ఇంటివాడేనా అని చూస్తారు. చూశామన్న రుజువుకు, నేతగాడి చేత మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టించి, మగ్గం మీద కూర్చోబెట్టి ఫోటో తీసుకుంటారు. ఆ ఫోటో పడకపోతే నేతగాళ్లకు ఏటా వచ్చే సాయం లిస్టులో పేరుండదు. అందుకని లెక్కలోళ్లు వచ్చారంటే వీధి వీధంతా ఉరుకులూ పరుగులే. ఆస్పత్రి మంచం మీదున్న మనిషిని ఆటోలో తెచ్చి, ఇద్దరు చెరో పక్క పట్టుకొని మగ్గం మీద కూర్చోబెట్టిన ఇల్లుంది. పెళ్లికి పోయినవాణ్ని విస్తరి ముందు నుంచి లేపి పిలిపించిన ఇల్లు మా పక్కదే. మనిషి ఊళ్లో లేకపోతే ఫోన్ చేసి రప్పించడం మా దగ్గర ఎవరూ రెండోసారి ఆలోచించే పని కాదు.

మా తమ్ముడు నేస్తాడు, పాడతాడు. మగ్గం తొక్కుతూ పాడటం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు. తర్వాత కంజిర కొనుక్కొని, ఎక్కడ ధర్నా జరుగుతుంటే అక్కడికి పోయి పాడేవాడు. తాగే నీళ్ల కోసం కూర్చుంటే నీళ్ల పాట, బస్సు రాని ఊరివాళ్లు కూర్చుంటే బస్సు పాట. అందరూ నవ్వేలాగా కట్టేవాడు. ఆ ఏడు కట్టిన పాట మాత్రం ఒక ఫోటో గురించి. ఎన్నికల ముందు ఒక పెద్ద నాయకుడు మా పక్క వీధికి వచ్చాడు. ఒకరి మగ్గం మీద కూర్చొని, అడ్డం పోగు విసిరే నాడెను తలకిందులుగా పట్టుకొని, కెమెరాల వైపు చూసి నవ్వాడు. గుంటలో కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక అడ్డదిడ్డంగా తొక్కితే పట్టు పోగులు పుట్టుక్కున తెగాయి. ఆయన కారెక్కి పోయాక ఆ ఇంటి మొగుడూ పెళ్లాలు తెగిన పోగులు అతుక్కుంటూ రెండు రోజులు కూర్చున్నారు. ఇంతే పాట. ఏ నాయకుడు, ఏ పార్టీ అని నన్ను అడగొద్దు, చెప్పను. మీరు అనుకుంటున్న ఆయనే అనుకోండి, నాకేం.

పెనుకొండలో నీళ్ల కోసం జరిగిన ధర్నాలో వాడు ఆ పాట పాడితే ఎవరో ఫోన్‌లో తీసి వదిలారు. వారం తిరక్కముందే మా వీధిలో ఆడవాళ్లు కండెలు చుడుతూ అదే పాడుకుంటున్నారు. నేనూ పాడాను, మా తమ్ముడు కట్టిందని అందరికీ చెప్పుకొని మురిశాను. తర్వాత హిందూపురంలో బొమ్మలు గీసి ఫోన్లలో పంపే ఒకాయన్ని పోలీసులు తీసుకుపోయారని తెలిసింది. ఆ పాటకు ఆయన బొమ్మ గీశాడు, మగ్గంలో కాళ్లు ఇరుక్కున్న నాయకుడి బొమ్మ. మరో నాలుగు రోజులకు పెనుకొండలో ఆ నీళ్ల ధర్నా నడిపించినాయన కనబడకుండా పోయాడు. ఆ సాయంత్రమే మా వీధిలో పాట ఆగిపోయింది. అందరూ ఫోన్లలోంచి తీసేశారు. మా అమ్మ వాడి చొక్కాలు రెండు సంచిలో కుక్కి, రొద్దంలో ఉన్న పిన్ని ఇంటికి పొమ్మని పంపించింది. మగ్గం మీద చీర సగంలో ఉంది.

వాడు పోయిన ఆరో రోజు పొద్దున పదిగంటలప్పుడు ఇద్దరు మనుషులు మా వాకిట్లో నిలబడ్డారు. ఒకాయన చేతిలో అట్ట ఫైలు, ఇంకొకాయన చేతిలో ఫోను. మామూలు చొక్కాలు. తమ్ముడి పేరు చెప్పి, ఇల్లు ఇదేనా, లోపలుండే మగ్గం ఆయనదేనా అని అడిగారు. కాళ్లకు బూట్లతోనే గడప దాటబోయారు. మగ్గం ఉన్న ఇంట్లోకి కాళ్లకు తొడుక్కొని ఎవరూ రారు, లెక్కలోళ్లు అసలే రారు. నాకు ఆ క్షణాన అనుమానం రావలసింది. అనుమానం రాలేదు, కోపం వచ్చింది. బయట విప్పి రమ్మని గదమాయించాను. పాపం, విప్పారు.

"లెక్కకు వచ్చినారా సార్?" అని నేనే అడిగాను.

ఫైలు పట్టుకున్నాయన రెండో ఆయన మొహంలోకి చూశాడు. "ఆ, అదేమ్మా" అన్నాడు.

ఆ మాట వాళ్ల నోట్లో పెట్టింది నేను. వాళ్లు ఏ అబద్ధమూ కట్టుకొని రాలేదు. కట్టుకొని వచ్చుంటే నాకు ఇంత మంట ఉండేది కాదేమో. ఇంక నా సంబరం చూడాలి. కుర్చీలు వేశాను. ఫైలులో తెల్ల కాగితం తప్ప ఫారమే లేకపోతే, ఆఫీసులో ఫారాలు కూడా అయిపోయాయా అని ఎగతాళి చేసి, నేనే స్కేలు పెట్టి గడులు గీసిచ్చాను. ఇంట్లో ఎంతమంది, వయసులెంత, ఫోన్ నంబర్లు, అన్నీ నా గుండ్రటి చేతిరాతతో రాశాను. నేతగాడు ఎక్కడున్నాడని అడిగితే రొద్దంలో పిన్ని ఇంట్లో ఉన్నాడని చెప్పి, అదీ ఒక గడిలో రాశాను. అమ్మ వంటింట్లోంచి నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు అర్థమయ్యీ, ఈమెకు ఆఫీసు పనుల గురించి ఏం తెలుసులే అనుకున్నాను. వాడు వస్తేనే గాని కాదు, వచ్చేదాకా ఉంటాం అన్నారు వాళ్లు. ఎంత ఓపిక మనుషులో అనుకొని అమ్మ చేత టీ పెట్టించాను. తర్వాత వాళ్ల ముందే తమ్ముడికి ఫోన్ చేశాను.

"మగ్గాల లెక్కకు వచ్చినార్రా. వచ్చి ఫోటోకు కూర్చో, లేకపోతే పేరు పోతాది" అన్నాను.

"ఎంతమంది?" అన్నాడు.

"ఇద్దరు. టీ తాగతాండారు. నువ్వు వచ్చేదంకా కూర్చుంటామంటాండారు."

"అమ్మ యాడుంది?"

"ఈడనే, వాళ్ల ముందరే ఉండాది."

పక్కన ఎవరినో బండి తాళం అడగడం వినబడింది. "సరే అక్కా. వస్తాండా" అన్నాడు.

తమ్ముడు పిన్ని కొడుకును అడిగి వాడి బండి తీసుకొని రెండు గంటల్లో వచ్చాడు. వాకిట్లో కాళ్లు కడుక్కున్నాడు. ఎవరితోనూ ఏమీ అనకుండా గుంటలోకి దిగి కూర్చొని, మగ్గం మీద కప్పిన గుడ్డ తీసి, నాడె రెండుసార్లు అటూ ఇటూ విసిరాడు. ఫోనున్నాయన ఫోటో తీశాడు. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. లెక్కలోళ్లు పక్క నుంచి తీయరు. అప్పుడు తట్టింది నాకు.

"ఇంక లేయప్పా. మాతో ఒక్కసారి వచ్చి పోదువు" అన్నాడు ఫైలాయన. మాట చాలా మెత్తగా ఉంది. బయటికి చూస్తే వీధి మొదట్లో జీపు నిలబడి ఉంది. దాని చుట్టుపక్కల ఇళ్ల తలుపులన్నీ మూసి ఉన్నాయి. అంటే వీధికంతా తెలుసు, నాకొక్కదానికే తెలియదు. నోరున్న దాన్ని, ఎవరినైనా దులిపేసేదాన్ని, గుంట పక్క నుంచి జరిగి వాళ్లకు దారిచ్చాను. వాడు లేచి, "కండె సగముండాది, నాడెలోనే ఉండనీ అక్కా" అని మాత్రం చెప్పి వాళ్ల మధ్యలో నడుచుకుంటూ పోయాడు. నేను గీసిచ్చిన గడుల కాగితం కూడా వాళ్లతోనే పోయింది.

మూడు రోజులు వాడు ఎక్కడున్నాడో తెలియలేదు. ఏయే స్టేషన్లకు పోయానో, ఎవరేమన్నారో పేర్లతో రాయను. రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. ప్రతిచోటా బయట బెంచీ మీద కూర్చోమన్నారు, కూర్చున్నాక ఇక్కడ అలాంటి మనిషి లేడన్నారు. ఉన్నాడని చెప్పి కొట్టినా బాగుండు, ఉన్నాడని తెలుస్తుంది కదా అనిపించేది. ఛీ, అంత దూరం పోయింది బుద్ధి. ఇంటికొస్తే అమ్మ టీ గ్లాసులు ముందు పెట్టుకొని కూర్చొని, నా చేత్తోనే ఇచ్చినా కదమ్మా వాళ్లకు, రెండోసారి చక్కెర కూడా వేసినా కదమ్మా అని ఏడ్చేది. ఫోన్ చేసింది నేను. ఆ ముసలిది తిట్టవలసింది నన్ను. ఒక్క మాట కూడా అనలేదు.

ఆ మూడు రోజుల్లోనే ఇంకో పని చేశాను. వాడి పాటల నోటు పుస్తకాన్ని నీళ్ల తొట్లో ముంచి, ఇంకు కరిగిపోయేదాకా చేత్తో పిసికాను. మళ్లీ వస్తారేమో, ఇల్లు వెతుకుతారేమో, నన్నూ తీసుకుపోతారేమో అని భయం. వాడి కోసమే చేశానని చెప్పుకోవచ్చు. అబద్ధం. నా కోసమే చేశాను.

నాలుగో రోజు బస్సెక్కి పెనుకొండ పోయాను, నీళ్ల ధర్నా నడిపించినాయన ఇల్లు వెతుక్కుంటూ. కొండ కింద చిన్న ఇల్లు. ఆయన భార్య నన్ను లోపలికి పిలిచి తలుపు వేసి, ముందు నా ఫోను తీసుకొని పక్క గదిలో దుప్పట్ల కింద పెట్టింది. మా ఆయన కూడా ఇట్లే మూడు రోజులు యాడా లేడమ్మా, ఆ మీదట హిందూపురం కోర్టులో కనబడినాడు, నీ తమ్ముడు కూడా ఈ పొద్దో రేపో ఆడికే వస్తాడు అని చెప్పింది. అక్కడున్న ఒక వకీలమ్మ నంబరు చేత్తో కాగితం మీద రాసిచ్చింది. ఆమె గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు. బయట కుక్క అరిచినప్పుడల్లా ఆమె మాట ఆపితే, నేను తలుపు సందులోంచి బయటికి చూసేదాన్ని.

మర్నాడు అమ్మను వెంటబెట్టుకొని పోతే హిందూపురంలో వాణ్ని చూశాను. కోర్టు వరండాలో, ఇద్దరు పోలీసుల మధ్య, పోయిన రోజు చొక్కాతోనే. పెదవి పగిలి ఉంది. నన్ను చూసి తలూపాడు, బాగున్నాను అన్నట్టు. వకీలమ్మ నాకొక కాగితం చూపించింది. ప్రభుత్వాన్ని కించపరిచాడని, జనాన్ని రెచ్చగొట్టాడని, నిన్న సాయంత్రం బస్టాండులో అనుమానంగా తిరుగుతుంటే పట్టుకున్నామని అందులో రాసి ఉంది. నిన్న సాయంత్రమట. బస్టాండులోనట. మా ఇంట్లో, మా మగ్గం మీద నుంచి లేపి తీసుకుపోయి నాలుగు రోజులైంది. తేదీ తప్పు, చోటు తప్పు, టైము తప్పు. ఒక్క గడి తప్పుంటే గుమాస్తాను నిలబెట్టి కడిగేసే దాన్ని నేను.

"మీరు కళ్లారా చూసినారు కదమ్మా. ఇంటి నుంచి తీసుకపోయినారని, ఏ రోజో, ఏ టైమో రాసియ్యండి. మిగతాది నేను చూసుకుంటా" అంది వకీలమ్మ.

పెన్ను చేతికిచ్చింది. నా చెయ్యి కదలలేదు. రాస్తే నా పేరు, నా సంతకం వాళ్ల దగ్గర ఉంటుంది. నా ఫోన్ నంబరు, మా ఇంట్లో ఎంతమందిమో, మా పిన్ని ఇల్లెక్కడో ఇప్పటికే నా చేతిరాతతో ఉన్నాయి. నేను చెప్పిందాంతోనే వాణ్ని పట్టుకున్నారు, మళ్లీ రాస్తే ఇంకేం చేస్తారో. ఊళ్లో అందరి ఫారాలు నింపిన చెయ్యి, సొంత తమ్ముడి కోసం నాలుగు వాక్యాలు రాయలేకపోయింది. అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. అక్షరం ముక్క రాని మనిషి. ఏం రాయాలో ఆ వకీలమ్మకు తనే చెప్పి, రాయించి, కింద వేలిముద్ర వేసింది. వేలు నా చీర కొంగుకే తుడుచుకుంది.

వాడు రెండు నెలలకు పైగా లోపల ఉన్నాడు. బెయిలు ఇచ్చినప్పుడు వారానికోసారి స్టేషనుకు పోయి సంతకం పెట్టాలన్నారు, సభల్లో పాడకూడదన్నారు. ఇంటికి వచ్చిన రోజు స్నానం చేసి, తిని, మగ్గం మీద గుడ్డ తీశాడు. నాడెలో సగం కండె అట్లాగే ఉంది. దాంతోనే మొదలుపెట్టాడు. పాటల పుస్తకం ఎక్కడని అడుగుతాడేమో అని నేను రోజూ చచ్చేదాన్ని. అడగలేదు. నువ్వే కదా ఫోన్ చేసింది అంటాడేమో అని ఎదురుచూసేదాన్ని. అనలేదు. పాడటం కూడా మానేశాడు. మా ఇంట్లో మగ్గం చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆ చప్పుడు ఆగితే భయం, వీధిలో బండి ఆగితే భయం, వాడు సంతకానికి పోయిన రోజు మధ్యాహ్నం దాటితే భయం.

మొన్న, పొద్దున్నే, ఎవరో తలుపు కొట్టారు. మెడలో కార్డు వేసుకున్న ఒక చిన్నమ్మాయి, సంచి తగిలించుకున్న ఒక పెద్దాయన. మగ్గాల లెక్కకు వచ్చామని చెప్పి, లిస్టు చూసి మా తమ్ముడి పేరు చదివింది ఆ పిల్ల. చెప్పులు బయటే విప్పి ఉన్నారు. నాకు కళ్ల ముందు ఆ రోజు కుర్చీలు, టీ గ్లాసులు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"ఈ ఇంట్లో మగ్గం లేదు" అన్నాను.

లోపల మగ్గం ఆడుతూనే ఉంది. ఆ పిల్ల నా భుజం మీద నుంచి లోపలికి చూసి, చప్పుడు వినబడతాండాది కదక్కా అంది. పక్కింట్లోది అన్నాను. ఆ పేరు గల మనిషి ఇక్కడ లేడు, ఎప్పుడూ లేడు అని చెప్పి తలుపు వేసి గడియ పెట్టాను. స్టేషన్లలో నాకు చెప్పిన మాటే నా నోట్లోంచి వచ్చింది. తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. అప్పుడు మగ్గం ఆగింది.

"ఈసారి వచ్చినోళ్లు నిజంగా లెక్కలోళ్లే అక్కా" అన్నాడు వాడు, తల తిప్పకుండా.

ఈసారి అన్నాడు, ఆ రోజు సంగతి వాడు ఎత్తడం అదే మొదలు. అంతే, ఇన్ని నెలలు బిగబట్టిందంతా బయటపడింది. అక్కడే నేల మీద కూలబడి, ఆ పొద్దు నేనే పిలిస్తిని కదరా, నేనే పట్టిస్తిని కదరా, నా కళ్లకు పొరలు కమ్మినాయిరా అని ఏడ్చాను. పుస్తకం కరిగించిన సంగతి కూడా చెప్పేశాను. వాడు నాడెను పక్కన పెట్టి నేను ఆపేదాకా ఆగాడు.

"నాకు తెలుసక్కా" అన్నాడు. "లెక్కలోళ్లు ఇంటికి అయిదు నిమిషాలు ఉంటారు. రొద్దం నుంచి మనిషి వచ్చేదంకా కూర్చుంటారా? నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడే తెలిసిపాయ."

"తెలిసీ ఎందుకొస్తివిరా?"

"అమ్మా నువ్వూ వాళ్ల ముందర ఉండారు కదా."

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఆమె మొహం చూస్తే ఆమెకు ఇది కొత్త కాదని అర్థమైంది. ఇంట్లో ఆఖరున తెలిసింది మళ్లీ నాకే.

"పో, వాళ్లను పిలుచుకొని రా. పేరు పోతాది" అన్నాడు వాడు, నేను ఆ రోజు అన్న మాటే.

గడియ తీసి బయటికి నడిచాను. వాళ్లు మూడిళ్ల అవతల ఉన్నారు. దగ్గరికి పోయి, ఏ మర్యాదా లేకుండా ఆ పిల్ల మెడలో కార్డు చేత్తో పట్టుకొని ముందూ వెనకా రెండుసార్లు చదివాను. ఆ పిల్ల కార్డు తీసి నా చేతికే ఇచ్చింది. మా ఇల్లు చూపించాను.

వాడు గుంటలో కాళ్లు పెట్టి, చేతిలో నాడె పట్టుకొని కూర్చున్నాడు. కొంచెం నవ్వన్నా అంది ఆ పిల్ల. నవ్వాడో లేదో నేను చూడలేదు. ఫోటో పడేదాకా వాకిట్లోనే నిలబడి, వీధి మొదట్లో జీపు ఏదైనా వచ్చి ఆగుతుందేమోనని చూస్తూ ఉన్నాను.